దూరాన వైద్యుడు – దగ్గర మీ చేయి

చక్రాల కుర్చీ వాడేవారికి ఫోనులో వైద్య పరీక్ష జరిగేటప్పుడు ఇంటివారు తెలుసుకోవలసిన విషయాలు

రోగిని పరీక్షించే పద్ధతులను మన ప్రాచీనాచార్యులు మూడుగా చెప్పారు. అవి దర్శనం, స్పర్శనం, ప్రశ్న. చూచి తెలుసుకోవడం, తాకి తెలుసుకోవడం, అడిగి తెలుసుకోవడం అని వీటి అర్థం. వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో ఈ మూడింటినీ ఒకే చోట పేర్కొన్నాడు. తరువాతి కాలపు యోగరత్నాకరం నాడి, మూత్రం, మలం, జిహ్వ, శబ్దం, స్పర్శ, నేత్రం, ఆకృతి అనే ఎనిమిది విధాల పరీక్షను వివరించింది. వైద్యుడు రోగి ప్రక్కన కూర్చుంటేనే ఈ పరీక్షలు సాధ్యమని మొన్న మొన్నటి వరకు అందరమూ అనుకునేవారం.

నేడు చేతిలోని ఫోను ద్వారా వైద్యుడు రోగి ముఖం చూస్తున్నాడు, మాట వింటున్నాడు. దర్శనం కొంతవరకు, ప్రశ్న చాలావరకు ఎంత దూరమైనా ప్రయాణం చేస్తున్నాయి. స్పర్శ మాత్రం ప్రయాణం చేయదు. జలుబుకో అజీర్ణానికో సలహా అడిగేవారికి ఇది పెద్ద లోటు కాదు. కాని వెన్నుపాము దెబ్బతిని చక్రాల కుర్చీలో జీవించేవారి సంగతి వేరు. వారి శరీరంలో సగభాగానికి స్పర్శజ్ఞానం ఉండదు. అక్కడ పుండు పడినా, ఎముక విరిగినా, వేడి తగిలి కాలినా వారికి తెలియదు. నొప్పి అని వారు చెప్పలేరు, తాకి చూడడానికి వైద్యుడు దగ్గర లేడు. ఈ రెండు లోట్లు కలిసినచోట ప్రమాదం పొంచి ఉంటుంది. దానిని తప్పించగలిగినది ఇంటివారి చేయి ఒక్కటే. ఆ చేయి ఏమి చూడాలో, ఎలా చూడాలో తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఊరు, దూరం, ప్రయాణం

జగిత్యాల జిల్లాలోని కొడిమ్యాల మండలాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 2016 అక్టోబరులో క్రొత్త జిల్లాలు ఏర్పడే వరకు ఇది కరీంనగర్ జిల్లాలోనిది. ఈ మండలంలోని నాచుపల్లిలో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల ఉంది. చేరువలోనే కొండగట్టు అంజన్న క్షేత్రం ఉంది. జగిత్యాల పట్టణంలో 2022 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తున్నది. ఆ విధంగా చూస్తే పెద్ద వైద్యం పూర్వమంత దూరంలో లేదు.

అయితే నడవగలిగినవాని దూరం వేరు, నడవలేనివాని దూరం వేరు. మంచం మీది నుండి కుర్చీలోకి, కుర్చీలో నుండి ఆటోలోకి, ఆటోలో నుండి ఆసుపత్రి బల్ల మీదికి ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఆ ఇద్దరి ఆనాటి కూలి పోతుంది. వరుసలో గంటల తరబడి కూర్చోవాలి. హైదరాబాదు నిమ్స్ వరకు వెళ్ళవలసి వస్తే రోజంతా కూర్చున్న భంగిమే. ఆ కూర్చోవడమే చర్మానికి శత్రువు. వైద్యానికి చేసిన ప్రయాణం క్రొత్త పుండును తెచ్చిపెట్టడం నేను చూస్తూనే ఉన్నాను.

మన ప్రాంతంలో చక్రాల కుర్చీకి చేరినవారిలో తాటిచెట్టు మీది నుండి పడిన గీత కార్మికులు ఉన్నారు. ఈ ప్రమాదాలను తగ్గించడానికే తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో ‘కాటమయ్య రక్షా కవచం’ పేరుతో రక్షణ పరికరాలను ప్రవేశపెట్టింది. రోడ్డు ప్రమాదాల బాధితులు ఉన్నారు. 2018 సెప్టెంబరు 11న కొడిమ్యాల మండలం శనివారంపేట నుండి జగిత్యాలకు బయలుదేరిన ఆర్.టి.సి. బస్సు కొండగట్టు ఘాట్ రోడ్డుపై లోయలో పడి 60 మందికి పైగా మరణించిన దుర్ఘటనను ఈ ప్రాంతం మరువలేదు. అటువంటి ప్రమాదాలలో మరణించినవారి లెక్క పత్రికలలో వస్తుంది. గాయాలతో బ్రతికి ఇంటిలోనే మిగిలిపోయినవారి లెక్క ఇంటివారికే తెలుస్తుంది. వీరుగాక పక్షవాతం వచ్చినవారు, బాల్యంలో పోలియో సోకినవారు ఉన్నారు. భారతదేశం 2014లో పోలియో రహిత దేశంగా గుర్తింపు పొందింది గాని, అంతకు ముందు ఆ వ్యాధి బారిన పడినవారు నేడు నడివయస్సులో ఉన్నారు.

ఇక్కడ ఒక భేదం గుర్తుంచుకోవాలి. పోలియో వలన కాళ్ళు చచ్చుబడినవారికి స్పర్శజ్ఞానం పోదు. చీమ కుట్టినా తెలుస్తుంది. వెన్నుపాము తీవ్రంగా దెబ్బతిన్నవారికి కదలికతోపాటు స్పర్శ కూడా పోతుంది. కనుక ఫోనులో మాట్లాడే వైద్యునికి మొదట చెప్పవలసిన మాట ‘నడవలేడు’ అని కాదు; ‘ఎక్కడి నుండి క్రిందికి స్పర్శ లేదు’ అన్నది.

దూరవైద్యం: నియమాలు ఏమిటి?

తెలుగునాట దూరవైద్యం నిన్నటిది కాదు. చిత్తూరు జిల్లా అరగొండ గ్రామంలో అపోలో సంస్థ నెలకొల్పిన కేంద్రం 2000 మార్చిలో ప్రారంభమైంది. పల్లెలోని రోగిని పట్టణంలోని నిపుణునితో కలిపిన తొలి కేంద్రాలలో అది ఒకటి. కేంద్ర ప్రభుత్వపు ‘ఈ-సంజీవని’ 2019లో మొదలైంది. ఇంటి నుండే వైద్యునితో మాట్లాడే సదుపాయం 2020 ఏప్రిల్‌లో దానికి తోడైంది. 2023 ఫిబ్రవరి నాటికి ఈ-సంజీవనిలో జరిగిన సంప్రదింపులు 10 కోట్లకు చేరాయి. గ్రామంలోని ఆరోగ్య ఉపకేంద్రానికి వెళితే అక్కడి సిబ్బంది సహాయంతో కూడా పై వైద్యునితో మాట్లాడవచ్చు.

2020 మార్చి 25న కేంద్రం దూరవైద్యానికి మార్గదర్శకాలు ప్రకటించింది. ఆయుర్వేద, సిద్ధ, యునానీ వైద్యులకు ప్రత్యేక మార్గదర్శకాలు అదే సంవత్సరం ఏప్రిల్‌లో వచ్చాయి. వీటిలో గృహస్థులు తెలుసుకోవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి. వైద్యుడు తన పేరు, రిజిస్ట్రేషను సంఖ్య తెలియజేయాలి. రోగి తరఫున సంరక్షకులు మాట్లాడవచ్చు. ఫోనులో తేలే విషయమా, స్వయంగా చూడవలసినదా అన్న నిర్ణయం వైద్యునిది. మాదకద్రవ్యాల కోవకు చెందిన మందులను ఫోనులో వ్రాయరాదు. ‘ఒకసారి తీసుకురండి’ అని వైద్యుడు అంటే తప్పించుకుంటున్నాడని భావించకండి. అది ఆయన బాధ్యత.

మరొక మాట. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఆసుపత్రులలో వీరికి అవరోధం లేని ప్రవేశం కల్పించాలి, చికిత్సలో ప్రాధాన్యం ఇవ్వాలి. ఫోను ఉన్నది కదా అని ఈ హక్కును వదులుకోనవసరం లేదు. వైకల్యపు శాతాన్ని నిర్ణయించి ధ్రువపత్రం ఇచ్చే పరీక్షకు ఫోను సంప్రదింపు ప్రత్యామ్నాయం కాదని కూడా గ్రహించండి.

ఒక ఇంటిలో జరిగినది

స్పర్శ విలువ ఎంతటిదో తెలపడానికి ఒక ఇంటి విషయం చెబుతాను. ఆయన గీత కార్మికుడు. చెట్టు మీది నుండి పడి, నడుము క్రింది భాగంలో కదలిక, స్పర్శ కోల్పోయి చాలా సంవత్సరాలైంది. ఒకనాటి సాయంకాలం ఆయన భార్య నాకు ఫోను చేసింది.

“సారూ, నిన్నటి సంది కాళ్ళు బాగ గుంజుతున్నయి. ఒళ్ళు కాలుతున్నది. వేడి ఇటుకతోని కాపడం పెట్టమంటున్నరు. పెట్టాల్నా?”

కాపడం వద్దన్నాను. ఫోనులో ఆయన ముఖం చూశాను. కొంచెం వాడి ఉన్నదే తప్ప మరే విశేషమూ లేదు. నాలుక మీద పూత ఉంది. కాళ్ళ బిగువు ఆయనకు ఎప్పుడూ ఉండేదే. రెండు రోజులుగా ఎందుకు పెరిగింది అన్నదే నా ప్రశ్న. మూత్రం, మలం గురించి అడిగాను. మార్పు లేదన్నారు. అప్పుడు ఆయనను ప్రక్కకు తిప్పి, పిరుదుల క్రింద కూర్చునే ఎముకలు ఆనే చోట చూడవలసి ఉంటుందని చెప్పాను. ఆమె సంకోచించింది. “చూడు, సారు అడుగుతుండు గద” అని ఆయనే అన్నాడు.

కాసేపటికి ఆమె మాట వినిపించింది. “ఎడమ దిక్కు రూపాయి బిళ్ళంత నల్లగున్నది సారూ. నొక్కితె గట్టిగున్నది. పక్కకన్న వేడిగ కొడుతున్నది.”

ఇక ఫోనులో చేయవలసినది లేదు. కూర్చోబెట్టకుండా, ప్రక్కకు పడుకోబెట్టి ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్ళమన్నాను. అక్కడ శస్త్రచికిత్స చేసి చూడగా పైన రూపాయి బిళ్ళంత కనిపించిన మచ్చకు లోపల నిమ్మకాయ పట్టేంత గుంట ఉంది. చీము ఎముక వరకు చేరువైంది. ఆ పుండు మానడానికి నెలలు పట్టింది. మరి నాలుగు రోజులు ఆలస్యమైతే విషం రక్తంలోకి చేరి ప్రాణం మీదికి వచ్చేది. ఆనాడు రోగ నిర్ణయం చేసినది నా చదువు కాదు, ఆమె వ్రేళ్ళు.

స్పర్శ లేని శరీరం నొప్పిని సూటిగా చెప్పదు. మారువేషంలో చెబుతుంది. కాళ్ళ బిగువు పెరగడం, అకారణంగా చెమట పట్టడం, తలనొప్పి, చలిజ్వరం, ఎందుకో తెలియని చికాకు: ఇవన్నీ ‘క్రింద ఎక్కడో ఏదో జరుగుతున్నది’ అన్న కబురులే. కబురు ఎక్కడి నుండి వచ్చిందో వెతకడమే పరీక్ష.

స్పర్శ పరీక్ష చేసే విధానం

రోజుకు రెండుసార్లు, ఉదయం లేవగానే, రాత్రి పడుకునే ముందు చర్మాన్ని చూడాలి. తోక ఎముక, పిరుదుల క్రింద కూర్చునే ఎముకలు, తుంటి ప్రక్కలు, మడమలు, చీలమండలు, మోకాళ్ళ లోపలి ప్రక్కలు, భుజపుటెముకలు: ఇవి ఒత్తిడి పడే చోట్లు. స్వయంగా చేతులు వాడగలిగినవారు చేతి అద్దంతో తమను తాము చూసుకోవచ్చు.

ఎర్రగానో నల్లగానో మారిన చోట వ్రేలితో కొద్ది క్షణాలు నొక్కి వదలండి. రంగు తెల్లబడి మరల వస్తే రక్తప్రసారం ఉన్నట్లు. నొక్కినా రంగు మారకపోతే పుండుకు అది మొదటి మెట్టు. మన చామనచాయ, నల్లని చర్మాలపై ఎరుపు సరిగా కనిపించదు. అందుచేత కంటికంటె చేతిని నమ్మండి. అరచేతి వెనుక భాగంతో ఆ చోటును, దాని ప్రక్క చోటును తాకి పోల్చండి. వేడిగా ఉన్నదా, చల్లగా ఉన్నదా, గట్టిబడిందా, మెత్తగా గుజ్జులా ఉన్నదా? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానం వైద్యునికి చెప్పండి.

ఎర్రబడిన చోట నూనెతో మర్దన చేయకూడదు. రక్తం ఆడుతుందని చాలామంది రుద్దుతారు. లోపల నలిగిన కణజాలం ఇంకా నలుగుతుంది. ఆ చోట బరువు పడకుండా చూడడమే ప్రథమ చికిత్స.

ఫొటో పంపవలసి వస్తే కిటికీ వెలుతురులో తీయండి. పుండు ప్రక్కన, దానికి తగలకుండా, ఒక రూపాయి బిళ్ళ ఉంచితే వైద్యునికి పరిమాణం తెలుస్తుంది. దగ్గర నుండి ఒకటి, శరీరంలో ఎక్కడ ఉన్నదో తెలిసేలా కొంచెం దూరం నుండి ఒకటి తీయండి. వారం వారం అదే దూరం నుండి తీస్తే పెరుగుతున్నదో తగ్గుతున్నదో స్పష్టమవుతుంది.

రెండు కాళ్ళ పిక్కలను కూడా టేపుతో కొలవండి. ఒక కాలే వాచి వేడిగా ఉంటే రక్తనాళంలో గడ్డ కట్టి ఉండవచ్చు. ఆ కాలిని పిసకకూడదు. కుర్చీ మారేటప్పుడు కాలు మెలిక పడిన తరువాత వాపు వచ్చినా తేలికగా తీసుకోకండి. ఏళ్ళ తరబడి నడవని కాళ్ళలో ఎముకలు పెళుసుబారతాయి. చిన్న దెబ్బకే విరుగుతాయి. నొప్పి ఉండదు గనుక వాపే సాక్ష్యం.

అంకెలు: ఎవరి లెక్క వారిది

మెడ వద్ద గాని ఛాతీ పైభాగంలో గాని వెన్నుపాము దెబ్బతిన్నవారిలో రక్తపోటు సహజంగానే తక్కువగా ఉంటుంది. పై అంకె 90, 100 ఉండడం వారిలో సాధారణం. అటువంటి వారికి ఒకనాడు 135 వస్తే, వారి సంగతి తెలియని వైద్యుడు ఫోనులో ‘బాగానే ఉంది’ అనవచ్చు. వారికి అది బాగు కాదు. మామూలు కంటె 20 నుండి 40 వరకు పెరిగితే ప్రమాద సూచన. దానితోపాటు తల పగిలేంత నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు కారడం ఉంటే అది అత్యవసర స్థితి. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, కాళ్ళు క్రిందికి వ్రేలాడదీసి, బిగుతు బట్టలు వదులు చేయాలి. మూత్రపు గొట్టం మెలిక పడిందేమో, సంచి నిండిందేమో చూడాలి. చాలాసార్లు కారణం నిండిన మూత్రాశయమే. తగ్గే వరకు ఆగి చూద్దామనకుండా 108కి ఫోను చేయండి.

అందుచేత ఆరోగ్యంగా ఉన్న రోజులలోనే వారానికి ఒకసారి రక్తపోటు, నాడి, ఉష్ణోగ్రత చూసి ఒక నోటు పుస్తకంలో వ్రాసి పెట్టుకోండి. రోగం వచ్చిన రోజున ఆ పుస్తకమే వైద్యునికి దారి చూపుతుంది.

వేసవి విషయం ప్రత్యేకంగా చెప్పాలి. వెన్నుపాము పైభాగంలో దెబ్బతిన్నవారికి, దెబ్బ క్రింది భాగంలో చెమట సరిగా పట్టదు. శరీరం చల్లబడే మార్గం మూసుకుపోతుంది. మే నెల ఎండలలో రేకుల ఇంటిలో పడుకున్నవారికి జ్వరం లేకుండానే ఒళ్ళు వేడెక్కుతుంది. తడి గుడ్డతో తుడిచి, గాలి తగిలేలా చేసి, అరగంట తరువాత మరల ఉష్ణోగ్రత చూసి చెప్పండి.

బరువు కూడా కావాలి. నిలబడలేని వారిని తూచడం కష్టమని వదిలివేస్తారు. బలమైనవారు రోగిని ఎత్తుకుని కాంటా మీద నిలబడి, తరువాత తమ బరువు తీసివేస్తే సరిపోతుంది. అదీ కుదరకపోతే నెలకొకసారి భుజానికి, మోచేతికి మధ్య దండ చుట్టుకొలత తీసి వ్రాయండి. అది తగ్గుతున్నదంటే పోషణ తగ్గుతున్నదన్నమాట.

ప్రశ్న: మూత్రం, మలం

మూత్రాన్ని పరీక్షించడం మన శాస్త్రానికి అనాది నుండి తెలిసినదే. వైద్యుడు రుచి చూసి తెలుసుకోలేని దానిని అనుమాన ప్రమాణంతో గ్రహించాలని చరకుడు బోధించాడు. మూత్రానికి చీమలు పడితే అందులో తీపి ఉన్నదని గ్రహించడం ఇటువంటిదే. దూరాన ఉన్న వైద్యునికి కూడా అనుమానమే ఆధారం. దానికి కావలసిన ఆనవాళ్ళు మీరు అందించాలి. మూత్రం ఏ రంగులో ఉన్నది? మడ్డిగా ఉన్నదా? వాసన మారిందా? రోజుకు ఎన్నిసార్లు, సుమారు ఎంత? గొట్టం ఎప్పుడు మార్చారు? మంట తెలియని వారిలో మడ్డి, దుర్వాసన, జ్వరం, కాళ్ళ బిగువు కలిసి వస్తే మూత్రనాళ దోషాన్ని శంకించాలి.

మలం విషయంలో వేళ ముఖ్యం. ఉదయం ఆహారం తీసుకున్న 20, 30 నిమిషాలకు ప్రేగులలో సహజంగా కదలిక కలుగుతుంది. ప్రతిదినం అదే వేళకు కూర్చోబెట్టడం అలవాటు చేస్తే మందుల అవసరం తగ్గుతుంది. చివరిసారి ఎప్పుడు అయింది, గట్టిగానా పలుచగానా అన్నది వైద్యునికి తప్పక చెప్పండి.

కుర్చీని, ఇంటిని కూడా చూపండి

ఆసుపత్రిలో వైద్యునికి కనిపించనిది ఫోనులో కనిపించేది ఒకటి ఉంది. అదే మీ ఇల్లు. ఈ విషయంలో దూరవైద్యమే మేలు.

రోగి కుర్చీలో కూర్చున్నప్పుడు ఎదురుగా ఒకటి, ప్రక్క నుండి ఒకటి ఫొటో తీయండి. ఒక ప్రక్కకు ఒరుగుతున్నారా, ముందుకు జారుతున్నారా తెలుస్తుంది. కుర్చీ అంచుకు, మోకాలి వెనుకకు మధ్య రెండు వ్రేళ్ళ ఖాళీ ఉండాలి. పాదాల పలక మరీ ఎత్తైతే మోకాళ్ళు పైకి లేచి బరువంతా పిరుదుల ఎముకల మీద పడుతుంది. ఆసనం గుడ్డ ఉయ్యాలలా సాగిపోయిందేమో చూడండి. సైకిలు, మోటారు ట్యూబును చుట్టగా వేసి దానిపై కూర్చోబెట్టడం మన ఊళ్ళలో వాడుక. అది అంచుల వద్ద రక్తప్రసారాన్ని అడ్డగిస్తుంది కనుక మానాలి. మంచి పరుపు దిండు వాడుతూ, ప్రతి 15 నుండి 30 నిమిషాలకు ఒకసారి ముందుకో ప్రక్కకో వంగి రెండు నిమిషాలు బరువు తొలగించాలి. పడుకున్నప్పుడు రెండు గంటలకొకసారి ప్రక్క మార్చాలి.

మంచం ఎత్తు, కుర్చీ ఎత్తు సమానమైతే మారడం సులభం. గడప వద్ద, స్నానాల గది వద్ద వాలు కట్టించదలచినవారు ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండేలా చూడండి. అంతకంటె నిటారుగా కడితే తోసేవారికి భారం, కూర్చున్నవారికి భయం.

గృహవైద్యం: చేయదగినవి, చేయరానివి

మన పెరటి వైద్యాన్ని నేను గౌరవిస్తాను. అయితే స్పర్శ ఉన్న శరీరానికి మేలు చేసినదే స్పర్శ లేని శరీరానికి కీడు చేయవచ్చు. వేడి ఇటుక, ఇసుక మూట, వేడిచేసిన జిల్లేడాకు, వేడినీళ్ళ సంచి మొదలైన కాపడాలేవీ స్పర్శ లేని చోట పెట్టకూడదు. వాతం పోతుందని పెట్టిన కాపడం తోలు ఊడివచ్చే వరకు తెలియదు. వావిలాకు కాచిన నీళ్ళతో స్నానం చేయించవచ్చు గాని, పోసే ముందు మోచేతితో వేడి చూసి, గోరువెచ్చగా ఉంటేనే పోయాలి.

తెరిచిన పుండుపై పసుపు, బూడిద, ఆకు పసర్లు, సున్నం వేయకండి. జాత్యాది తైలం వంటి ఔషధాలు ఉన్నాయి. అవి పుండు లోతును స్వయంగా చూసిన వైద్యుడు చెప్పిన మీదటే వాడాలి. పుండు లేని పొడి చర్మానికి కొబ్బరినూనె పలుచగా రాయవచ్చు. తడి నిలవనీయకుండా మడతలలో బాగా ఒత్తాలి.

మలబద్ధకానికి త్రిఫల చూర్ణం గాని, ఇసబ్‌గోల్ పొట్టు గాని తక్కువ మోతాదుతో మొదలుపెట్టవచ్చు. ఇసబ్‌గోల్‌కు తగినన్ని నీళ్ళు తప్పనిసరి. విరేచనాలు పట్టేంత ఇవ్వకూడదు. తెలియకుండా అయిన మలం చర్మాన్ని ఒరిపిస్తుంది. మూత్రం చిక్కబడినప్పుడు బార్లీ నీళ్ళు, పలుచని మజ్జిగ మంచివి. పల్లేరు కషాయాన్ని వైద్యుని అనుమతితో తీసుకోవచ్చు. జ్వరం ఉన్నప్పుడు వీటితో కాలం గడపరాదు. వేళ ప్రకారం గొట్టంతో మూత్రం తీసేవారు నీళ్ళ పరిమాణాన్ని కూడా వైద్యునితో నిర్ణయించుకోవాలి.

పుండు మానడానికి మందు కంటె ముందు ఆహారం కావాలి. కందిపప్పు, పెసలు, గుడ్డు, పాలు, పల్లీలు, నువ్వులు రోజూ ఉండాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం పప్పు, మాంసకృత్తుల మోతాదును వైద్యుని అడగాలి.

ఫోను పెట్టి బయలుదేరవలసిన వేళలు

ఈ క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి ఉన్నా ఫోను సలహాతో సరిపెట్టుకోకండి.

1. చలి, వణుకుతో కూడిన జ్వరం.
2. తీవ్రమైన తలనొప్పితో చెమటలు, రక్తపోటు పెరగడం.
3. ఒక కాలే వాచడం, ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో నొప్పి.
4. పుండు నల్లబడడం, దుర్వాసన, చీము, లోపల ఎముక కనిపించడం.
5. చాలా గంటలుగా మూత్రం రాకపోవడం.
6. పడిపోయిన తరువాత వాపు గాని, కాలు వంకర గాని.
7. ఉన్న బలం తగ్గడం. స్పర్శ లేని భాగం మునుపటి కంటె పైకి ప్రాకడం.

మనస్సు విషయం కూడా మరువరాదు. నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, ‘నేను భారమైపోయాను’ అనడం వినిపిస్తే దానిని రోగ లక్షణంగానే గ్రహించండి. 2022 అక్టోబరులో మొదలైన ‘టెలి మానస్’ సేవకు 14416 నంబరులో తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న మాట వస్తే ఒంటరిగా వదలకండి.

పరీక్షలో మర్యాద

చివరగా ఒక మనవి. ఫోను పట్టుకున్నవారు మాట్లాడుతుంటారు, కుర్చీలో ఉన్నవారు వింటూ ఉంటారు. ఇది తరచు జరిగే పొరపాటు. శరీరం వారిది. ఏళ్ళ తరబడి దానితో కాపురం చేస్తున్నవారు వారు. ‘ఈవేళ ఏదో తేడాగా ఉన్నది’ అని వారు అంటే పరీక్షలో అదే మొదటి వాక్యం. మొదటి ప్రశ్న వారినే అడగమని వైద్యునికి చెప్పండి. బట్ట తొలగించే ముందు వారి అనుమతి తీసుకోండి. గదిలో అవసరం లేనివారిని బయటికి పంపండి. స్త్రీలైతే చూపే చేయి, వీలైనంతవరకు చూసే కన్ను కూడా స్త్రీదై ఉండాలి. పుండు ఫొటోను వైద్యునికి తప్ప బంధువుల ఫోనులకు పంపకండి. పని ముగిసిన తరువాత దానిని జాగ్రత్తగా దాచండి.

దర్శనం, ప్రశ్న అనే రెండింటినీ యంత్రం మోసుకువెళుతున్నది. మూడవదైన స్పర్శనం మీ ఇంటిలోనే ఉంది. ఈ రాత్రి పడుకునే ముందు, వారిని అడిగి, దీపం వెలుతురులో ఒక్కసారి మడమలు, తోక ఎముక, కూర్చునే ఎముకలు ఆనే చోట్లు తాకి చూడండి. చూసినదానిని తేదీ వేసి వ్రాయండి. రేపు వైద్యునితో మాట్లాడవలసి వస్తే మీ వద్ద చెప్పడానికి ఒక విషయం ఉంటుంది. ఆయన వద్ద నిర్ణయించడానికి ఒక ఆధారం ఉంటుంది.